పసికన్నులకును అదను కలదు

సేద్యము చేయువానికి అదనన నేమో వేరుగా బోధింప నక్కరలేదు. నారు ముదిరిన పిమ్మట నాటిన వరి సరిగా పిలకలు తొడుగదు. పదును తప్పిన పిమ్మట చల్లిన విత్తు మొలచినను నిండు పంట నీయదు. తరువాత ఎరువు రెట్టింపు వేసినను, నీరు నిండుగ పెట్టినను పోయిన దినములు తిరిగి రావు. ఇట్టి అదను పైరులకే కాక పసిబిడ్డల కన్నులకు కూడ కలదనియు, అది దాటిపోయినచో ఎంత ధనము వెచ్చించినను చూపు పూర్తిగా రాదనియు మన గ్రామములలో తెలిసినవారు తక్కువ. అందుచే ఈ నెల మేము విత్తనముల ప్రస్తావనయు, ఎరువుల ప్రస్తావనయు మాని ఈ సంగతిని గూర్చి వ్రాయుచున్నాము. సహకార పత్రికలో దీనికి చోటేమని కొందరు సభ్యు లడుగవచ్చును. చోటు కలదనియే మా యభిప్రాయము. కారణములు క్రమముగా చెప్పెదము.

కంటిపాప వెనుక అద్దపు బిళ్ళవలె స్వచ్ఛమైన కటక మొకటి కలదు. వెలుతురు దానిగుండ లోనికి పోయి కంటి వెనుకనున్న పొరపై పడినప్పుడే మనము చూడగలుగుచున్నాము. ముసలితనమున ఈ కటకము మసకబారుటను శుక్ల మందుము. అట్టి శుక్లమే కొందరు శిశువులకు పుట్టుకతోనే యుండును. కంటిపాప నల్లగా నుండుటకు బదులు తెల్లగానో బూడిదవన్నెగానో కనబడును. మన యూళ్ళలో దీనిని చూచి “కంటిలో పువ్వు వేసినది” అని యూరకుండుట కలదు. నిజమునకు పువ్వనునది కంటిమీది నల్లగ్రుడ్డునకు వచ్చు మచ్చ. ఇది లోపలి కటకమునకు వచ్చిన మసక. రెండింటికి చికిత్స వేరు.

ఇక్కడ మన యనుభవమే మనలను మోసము చేయుచున్నది. ఊరిలో తాతకో అవ్వకో శుక్లము వచ్చును. నాట్లయిన పిమ్మట చూతమందుము. తరువాత కోత లయిన పిమ్మట నందుము. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట ఆసుపత్రికి తీసికొనిపోయి శస్త్రము చేయింతుము. మరునాడు కట్టు విప్పగనే తాత మనుమని ముఖము గుర్తుపట్టును. ఆలస్యమువలన పెద్ద నష్టము కనబడదు. ఇది చూచి చూచి, శుక్లమన ఎప్పుడు తీయించినను సరియే యను నమ్మకము మనకు స్థిరపడినది. తాత విషయమున ఆ నమ్మకము చాలవరకు నిజమే. ఏలయన ఆయన మెదడు అరువది యేండ్ల క్రిందటనే చూచుట నేర్చుకొనియున్నది. శిశువు మెదడు ఇంకను నేర్వలేదు. కన్ను పంపిన బొమ్మలను అర్థము చేసికొనుటకు మెదడులో దారులు పుట్టిన మొదటి వారములలోనే పడుచుండును. ఆ దినములలో బొమ్మ పోకున్నచో దారి పడదు. తరువాత కటకము తీసివేసి కన్ను బాగుచేసినను, మెదడు ఆ కంటిని విననేర్వదు. దీనినే వైద్యులు సోమరి కన్ను అందురు.

ఇది ఊహ కాదు. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనల కంటిరెప్పను తొలి దినములలో కొంతకాలము మూసియుంచి పిమ్మట తెరచి చూచిరి. కన్ను చెడకున్నను ఆ కంటికి చూపు రాలేదు. పెరిగిన పిల్లికి అంతకంటె ఎక్కువకాలము మూసినను నష్టము కలుగలేదు. దృష్టిని గూర్చిన పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమానము లభించినది. నేటి నేత్రవైద్యులు ఒక కంటికే పుట్టు శుక్ల మున్నయెడల సుమారు 6 వారముల వయస్సునకును, రెండు కన్నులకు నున్నయెడల సుమారు 8 వారములకును శస్త్రము జరుగుట మేలందురు. మరీ ముందుగా, అనగా 4 వారములు నిండకముందు చేసినచో కంటిలో నీటి ఒత్తిడి పెరుగు జబ్బునకు అవకాశ మెక్కువ. కాబట్టి అదను నిజముగా రెండుమూడు వారములే. మన నారుమడికి సైతము ఇంతకంటె వెసులుబాటు కలదు.

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక కౌలురైతు కుటుంబము నేడు ఈ అదనులో నున్నది. వారి పేరు, ఊరు చెప్ప నక్కరలేదు. ఆషాఢమున రెండవ బిడ్డగా ఆడశిశువు పుట్టినది. 14వ నాడు ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త టార్చిలైటు వెలుతురులో రెండు కంటిపాపలును తెల్లగా నుండుట చూచి చెప్పినది. 20వ నాడు పెద్దాసుపత్రిలో చూపగా పుట్టు శుక్లమని తేలినది. ఆరవ వారమున ఒక కంటికిని, కొలది దినముల యెడముతో రెండవ కంటికిని శస్త్రము చేయవలెనని వైద్యులు దినము నిర్ణయించిరి. ఆ దినము సరిగా నాట్ల నడుమ పడినది.

ఇంటిలో వాదము పుట్టినది. కాలువనీరు వచ్చినది, నారు సిద్ధముగా నున్నది, కౌలు ముందుగనే చెల్లించితిమి, కోతలయి చేతిలో నాలుగు రూపాయలు పడిన పిమ్మట బిడ్డను తీసికొనిపోవుద మని తాతగారి మాట. అవ్వగారు “ఇంత పసిగుడ్డుకు కత్తియా” అని కన్నీరు పెట్టుకొన్నది. గ్రహణమునాడు కోడలు బయటికి వచ్చినదని ఇరుగుపొరుగువా రనిరి. “ఆడపిల్ల కదా, అంత తొందర యేల” అని యొక బంధువు పలికెను. ఈ కడపటి మాట మాత్రము మాకు మిక్కిలి బాధ కలిగించినది. చూపులేని మగబిడ్డకు ఎన్ని కష్టములో ఆడబిడ్డకు అంతకు రెట్టింపు. తండ్రి మా వద్దకు వచ్చి యడిగినది వైద్యము సంగతి కాదు. నారు ఎన్ని దినములు ఆగునని. పది దినము లాగినను కొంత నష్టముతో గట్టెక్కవచ్చును, ముదురు నారును కుదురునకు రెండు మొక్కలెక్కువగా, దగ్గర దగ్గరగా నాటుడని చెప్పితిమి. ఆలస్యమైన నారునకు ఉపాయము కలదు. ఆలస్యమైన కంటికి లేదు. అతడు ఈ రెండు మాటలను ఇంటికి తీసికొనిపోయెను. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి బిడ్డకు 32 దినములు. శస్త్రమునకు ఇంకను పది దినములు కలవు. కుటుంబము వెళ్ళుటకే నిశ్చయించుకొన్నది.

అట్టి కుటుంబము చేసికొనవలసిన సన్నాహములు కొన్ని కలవు. ఇవి ఎవరికైనను పనికివచ్చును గాన వివరించెదము.

మొదటిది, తల్లిని నిందించుట మానవలెను. పుట్టు శుక్లమునకు కొన్ని యెడల వంశమే కారణము; కొన్ని యెడల గర్భముతో నున్నప్పుడు తల్లికి సోకిన రుబెల్లా మొదలగు అంటువ్యాధులు కారణము; కొన్ని యెడల బిడ్డ శరీరము పాలలోని చక్కెరను అరిగించుకొనలేకపోవుట కారణము. పెక్కుమంది విషయమున, ముఖ్యముగా ఒక కంటికే వచ్చినప్పుడు, కారణ మేమియు దొరకదు. గ్రహణమునకును దీనికిని సంబంధము లేదు. బిడ్డకు పాలిచ్చి, మందు వేసి, ఏండ్ల తరబడి కనిపెట్టవలసిన తల్లి మనస్సును ఆదిలోనే విరుచుట విత్తుచేతి వ్రేళ్ళు నరికినట్లు.

రెండవది, కంటిలో ఏమియు వేయరాదు. చనుబాలు, ఆముదము, తేనె, ఆకుపసరు, కాటుక, వీనిలో నేదియు లోపలి కటకమును తాకదు. పైగా కంటికి చీము పట్టించిన శస్త్రమే ఆగిపోవును.

మూడవది, జలుబు, దగ్గు, జ్వరము లేకుండ బిడ్డను కాపాడవలెను. మత్తు ఇచ్చుటకు ఊపిరితిత్తులు శుభ్రముగా నుండవలెను. జలుబుతో వాయిదా పడిన యొక్కొక్క వారమును అదనులోనుండియే పోవును. కాబట్టి శస్త్రము జరుగువరకు చుట్టములు వచ్చి బిడ్డను చేతులు మార్చి ఎత్తుకొనుట, సంతకు, పెండ్లికి తీసికొనిపోవుట మానుట మంచిది. బారసాల తరువాత చేసికొనవచ్చును. జలుబు చేసినయెడల దాచక వైద్యునికి చెప్పవలెను.

నాలుగవది, శస్త్రమునకు ముందు జరుగు పరీక్షలకు విసుగుకొనరాదు. రక్తము చూతురు; గుండె చూతురు; కంటికి శబ్దతరంగముల పరీక్ష చేయుదురు. రుబెల్లా వలన శుక్లము వచ్చిన బిడ్డకు గుండెలో లోపమును, చెవుడును కూడ నుండుట కలదు. దానిని ముందుగా తెలిసికొనుట మత్తు వైద్యునికి అవసరము. అంత చిన్నబిడ్డకు మత్తా యని భయపడువారికి మేము చెప్పునది యిదియే: అపాయము బొత్తిగా లేదని ఎవ్వరును చెప్పజాలరు, కాని శిశువులకు మత్తిచ్చుటలో శిక్షణ పొందిన వైద్యులున్నచోట అది స్వల్పము. శస్త్రము మానినచో అంధత్వము దాదాపు నిశ్చయము. ఈ రెంటిని తక్కెడలో పెట్టి చూడుడు.

ఐదవది, పాలు ఆపువేళ. ఇదియే తల్లికి అన్నిటికంటె కష్టమైన నియమము. చనుబాలు శస్త్రమునకు 4 గంటల ముందును, పోతపాలు 6 గంటల ముందును ఆపుట సాధారణ నియమము. మీ వైద్యుడు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. బిడ్డ ఏడ్చుచున్నదని ఎవరును చూడకుండ ఒక్క గ్రుక్క పట్టించినను, మత్తులో ఆ పాలు పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ నాలుగు గంటలు అవ్వయో, మేనత్తయో బిడ్డను భుజముపై వేసికొని తిరుగుట మేలు. తల్లి వాసన తగిలిన బిడ్డ పాలకు ఇంకను మారాము చేయును.

ఆరవది, శస్త్రముతో పని తీరునని తలంపరాదు. తీసివేసిన కటకమునకు మారుగా పెద్దవారికి లోపలనే కృత్రిమ కటకము పెట్టుదురు. నెలల శిశువునకు సాధారణముగా పెట్టరు. అమెరికాలో ఒక కంటి శుక్లముగల 114 మంది శిశువులపై రెండు పద్ధతులను పోల్చి చూడగా, నాలుగున్నర యేండ్ల వయస్సున చూపు రెండు తెగలకును సమానముగనే యుండెననియు, లోపల కటకము పెట్టినవారికి మరల శస్త్రములు చేయవలసిన అవసర మెక్కువయ్యెననియు 2014లో ప్రకటించిరి. కావున బిడ్డకు దళసరి కండ్లద్దములుగాని, కంటిపై నుంచు మెత్తని కటకముగాని వలయును. అద్దములు పెట్టుకొన్న రెండు నెలల బిడ్డను చూచి నవ్వువారు నవ్వుదురు. నవ్వనీయుడు. ఒక కంటికే జబ్బున్న బిడ్డకు మంచికంటిని రోజులో కొంతసేపు కప్పియుంచి జబ్బుకంటితో చూచుట నేర్పవలెను. బిడ్డ యేడ్చి పట్టీ పీకివేయును, మరల అంటింపవలెను. చుక్కల మందు రోజున కెన్నియో పర్యాయములు వేయవలెను. కంటి ఒత్తిడి పెరుగుచున్నదేమో ఏండ్ల తరబడి చూపించుచుండవలెను. నాటు ఒకనాటి పని. కలుపు, నీరు, కాపలా పైరుకాల మంతయు. మొదటిదానికి గుంపు కూడుదురు. రెండవదానికి ఓర్పు వలయును. శస్త్రము బాగుగ జరిగియు, అద్దములు పెట్టక, పట్టీ కట్టక చూపు పోగొట్టుకొనుట కలదు. ఇంత చేసినను ప్రతి బిడ్డకు నిండుచూపు వచ్చునని మేము చెప్పము. కాని అద్దములతో గట్టుమీద నడచి, పలకమీది అక్షరము చదువగల చూపునకును, చీకటికిని భేద మెంతయో ఆలోచింపుడు.

ఎక్కడికి పోవలెనను ప్రశ్నకు ఉత్తరము నేడు సులభము. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు విశాఖపట్టణమునను, విజయవాడ చెంతను శాఖలు కలవు; చెల్లింపలేనివారికి అక్కడ ఉచితముగ చికిత్స జరుగును. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వమువారిది. మధురైలో డాక్టరు వెంకటస్వామిగారు 1976లో ప్రారంభించిన అరవింద నేత్రాలయము వారు 2019 నుండి తిరుపతిలో కూడ వైద్యము చేయుచున్నారు. శిశువుల పుట్టులోపములను కనిపెట్టి తగిన ఆసుపత్రికి పంపుటకై 2013లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును నెలకొల్పినది. పుట్టు శుక్లము అందులో చేర్చిన లోపములలో నొకటి. ఆశా కార్యకర్త ప్రసవమైన 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి రావలసియున్నది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ తూకముతో పాటు కన్నులు కూడ చూడుమని మీరే యడుగుడు.

ఇక మా ముఖ్యాభిప్రాయము. శస్త్రము ఉచితముగ జరిగినను కుటుంబమునకు ఖర్చు తప్పదు. రానుపోను ఛార్జీలు, తోడు వచ్చినవారి భోజనము, పోయిన కూలి దినములు, బిడ్డ పెరిగినకొలది మార్చవలసిన అద్దములు, మరల మరల ప్రయాణములు, ఇవియే పేదవానిని వెనుకకు లాగుచున్నవి. అతనికి వలయునది పెద్దమొత్తము కాదు; వెంటనే వలయును. కోతలనాడు దొరకు వేయి రూపాయలకంటె నాట్లనాడు దొరకు నూరు రూపాయలు ఇక్కడ విలువైనవి. అది దొరకకనే పాడిగేదెను అయినకాడికి అమ్ముటయో, వడ్డీవ్యాపారి గడప తొక్కుటయో, లేక వాయిదా వేయుటయో జరుగుచున్నది.

సంఘము ధర్మసత్రము కాదని పాలకవర్గ సభ్యులు కొంద రందురు. ఆ మాట న్యాయమైనదే. డిపాజిటుదారుల సొమ్మును దానము చేయు హక్కు ఎవరికిని లేదు. మేము దానము కోరుట లేదు. అయితే ఈ సంఘములు ఎట్లు పుట్టినవో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొందము. జర్మనీ దేశపు రైఫైజెన్ (1818–1888) కంటిజబ్బు వలన 1843లో సైన్యపు కొలువు విడువవలసివచ్చి, పిమ్మట గ్రామాధికారి యయ్యెను. 1846–47 కరవునాడు ఊరివారిని కూడగట్టి పేదలకు రొట్టె దొరకునట్లు ఒక సంఘమును, 1864లో హెడెస్‌డోర్ఫ్ గ్రామమున పరపతి సంఘమును స్థాపించెను. వయస్సు మీరినకొలది చూపు మరింత క్షీణింపగా ఆయన కుమార్తె వ్రాతపనులలో తోడ్పడెను. మద్రాసు ప్రభుత్వమువారి పక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ దొరవారు ఈ సంఘములను పరిశీలించి నివేదిక వ్రాసిన తరువాతనే 1904లో మన దేశమున సహకార చట్టము వచ్చినది. చూపు తరిగిన మనుష్యుడు వేసిన మొక్క నీడలో కూర్చుండి, చూపు పోవుచున్న బిడ్డను గూర్చి మన పద్దులలో చోటు లేదనుట తగునా?

కాబట్టి మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి: కొన్ని సంఘముల నిబంధనలలో సార్వజనిక శ్రేయోనిధి కలదు. మీ సంఘమున నున్నయెడల, శిశువుల అత్యవసర వైద్యమునకు దానిలో కొంతభాగము ప్రత్యేకించి, ఆసుపత్రి కాగితము చూపిన మరునాడే చేబదులుగా ఇచ్చుటకు అధ్యక్షునికి అధికార మీయుడు. కోతలనాడు తిరిగి జమకట్టించుకొనుడు. నిధి లేనియెడల మహాజనసభలో తీర్మానము ప్రవేశపెట్టుడు. రెండు: సొమ్ముకంటె ముఖ్యమైనది చేతిసాయము. ఆసుపత్రికి పోయిన సభ్యుని చేను పొరుగు సభ్యులు నాటి, నీరు కట్టి, పశువులకు మేత వేయుటకు ఒక వరుస ఏర్పరచుకొనుడు. ఇందులకు చట్టమును, రిజిస్ట్రారు అనుమతియు అక్కరలేదు. మూడు: సంఘ కార్యాలయపు గోడమీద ఎరువుల ధరల ప్రక్కనే ఈ నాలుగు మాటలు వ్రాయించుడు: కంటిపాప తెల్లగా నున్నను, రెండు నెలలు నిండినను బిడ్డ తల్లి ముఖము చూడకున్నను, నల్లగ్రుడ్డు మరీ పెద్దదై వెలుతురు చూడలేక నీరు కారుచున్నను, నెలలు నిండక పుట్టినను, ఆలసింపక కంటివైద్యునికి చూపవలెను. పెద్దకన్నుల బిడ్డయని మురిసినది ఒక్కొక్కప్పుడు కంటి ఒత్తిడి జబ్బై యుండును. తెల్లని కంటిపాప అరుదుగా కంటిలోని పుట్టకురుపై ప్రాణము తీయవచ్చును. నెలలు నిండని బిడ్డ కంటి వెనుకపొరను 30 దినములలోపల పరీక్ష చేయింపవలెను.

నివారణ విషయమున ఒక మాట. గర్భిణికి రుబెల్లా సోకుటవలన పుట్టు శుక్లము కలుగునని ఆస్ట్రేలియా వైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో కనిపెట్టెను. దానికి టీకా కలదు. మన దేశమున 2017 నుండి తట్టుటీకాతో కలిపి ఉచితముగ వేయుచున్నారు. మొదటిది 9 నెలలు నిండిన పిమ్మటను, రెండవది 16 నుండి 24 నెలల నడుమను వేయింపవలెను. నేడు వేయించిన చిన్నపిల్ల రేపు తల్లియైనప్పుడు ఆమె బిడ్డ కన్నులకు అది కంచె యగును.

పైరు పోయిన వచ్చు ఏడు మరల వేసికొందుము. అప్పు పడిన రెండు పంటలలో తీర్చుకొందుము. పసికంటి అదను మాత్రము జన్మకు ఒక్కమారే వచ్చును. వచ్చు మహాజనసభకు మీరు పోవునప్పుడు కాలువ మరమ్మతు, విత్తనపు బస్తాలతో పాటు ఈ సంగతిని కూడ కార్యక్రమములో చేర్పింపుడని సభ్యులెల్లరను ప్రార్థించుచున్నాము.